బాపు జనతా వాచీ మంచుకొండకు తీసుకుపోవచ్చా?

ప్రశ్న: సర్, నమస్తే. నాకు 47 ఏళ్ళు. హన్మకొండలో ఉంటాను, ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. ఈ వేసవి సెలవుల్లో, మే మూడో వారంలో, నలుగురు తోటి టీచర్లతో కలిసి హిమాచల్‌లో సర్‌పాస్ అనే మంచు కనుమ (పాస్) దాటే ట్రెక్‌కు పోతున్నాం. ఇలాంటిది నాకు ఇదే మొదలు. ఇంట్లో మూడు వాచీలున్నాయి. ఒకటి మా బాపుది, హెచ్‌ఎంటీ జనతా. ఆజంజాహి మిల్లులో పనిచేసేటప్పుడు కొనుక్కున్నాడు. రోజూ పొద్దున కీ ఇచ్చి, మిల్లు సైరన్‌తో టైము కలుపుకునేవాడు. ఆయన పోయి రెండేళ్ళయింది. ఆ వాచీ పెట్టుకునే పాస్ మీద నిలబడాలని నా ఆశ. రెండోది పెళ్ళికి పెట్టిన టైటన్ చైన్ వాచీ. మూడోది నిరుడు కొన్న స్మార్ట్ వాచీ, దాదాపు రోజూ చార్జింగ్ పెట్టాలి. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ఇవేవీ పనికిరావు, నలభై వేల జీపీఎస్ వాచీ పంపిస్తా అంటున్నాడు. మా వారేమో ఫోన్ ఉండగా వాచీ ఎందుకంటున్నారు. ముళ్ళ వాచీ ఉంటే సూర్యుణ్ణి చూసి దిక్కు కనుక్కోవచ్చని పిల్లలకు నేనే చెప్పాను. అది అక్కడ పనికొస్తుందా? గాజుల చేతికి వాచీ ఎట్లా అన్నది ఇంకో సందేహం. ఏది పెట్టుకోమంటారు?

జవాబు: మేడమ్, నమస్తే. జవాబు ముందే చెప్పేస్తాను, కారణాలు తీరిగ్గా చదువుకోవచ్చు. సర్‌పాస్ దాటే రోజు మీ మూడు వాచీల్లో ఏదీ చేతికి ఉండొద్దు. రెండు మూడు వేలల్లో దొరికే ప్లాస్టిక్ డిజిటల్ వాచీ ఒకటి కొనుక్కోండి. బాపు వాచీని ఇంట్లో వదిలేయమని మాత్రం అనను. దాన్ని ఎక్కడ, ఎప్పుడు పెట్టుకోవాలో కింద రాస్తాను. అబ్బాయికి నలభై వేల వాచీ వద్దని చెప్పండి. అంత ప్రేమగా ఖర్చు పెడతానంటే చీలమండ దాకా వచ్చే, మంచి పట్టున్న బూట్లు, తడవని చేతి తొడుగులు అడగండి. మొదటిసారి పోయేవాళ్ళను ఇబ్బంది పెట్టేది కాళ్ళూ చేతులే. వాచీ బాగాలేక ట్రెక్ మధ్యలో ఆపేసినవాళ్ళను నేను చూడలేదు.

ఇంతకూ ఆ దారిలో వాచీతో పనేమిటో చూద్దాం. మీరు పోయేది ట్రెక్‌లు నడిపే యూత్ హాస్టల్స్ వాళ్ళతోనో, ఇంకెవరితోనో రాయలేదు. ఎవరితో పోయినా ఇది గుంపుగా నడిచే ట్రెక్. ముందొక గైడు, వెనకొక గైడు ఉంటారు. దారి వెతికే పని మీకు లేదు. కసోల్‌లో మొదలై గ్రహణ్ ఊరు, ఆ పైన దేవదారు అడవి, గడ్డి మైదానాలు దాటుకుంటూ సుమారు 12,500 అడుగుల ఎత్తున ఉన్న నగారు క్యాంపుకు చేరతారు. పాస్ సుమారు 13,800 అడుగులు. అసలైన రోజు నగారులో మొదలవుతుంది. అక్కడి నుంచి చీకటితోనే, తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల మధ్య బయలుదేరదీస్తారు. ఎండ ఎక్కేకొద్దీ మంచు మెత్తబడి కాలు మోకాలి దాకా దిగబడుతుంది. గట్టిగా ఉన్నప్పుడే దాటేయాలి.

అంటే మీరు రెండింటికో రెండున్నరకో లేవాలి. గైడు వచ్చి లేపుతాడు, నిజమే. కానీ స్లీపింగ్ బ్యాగులోంచి బయటికొచ్చి, చలికి బిగుసుకుపోయిన వేళ్ళతో బూట్ల లేసులు కట్టుకుని, తలకు లైటు తగిలించుకుని, బ్యాగు సర్దుకునేసరికి అరగంట పైనే పడుతుంది. గైడు కేక వేశాక మొదలుపెట్టేవాళ్ళు టీ కూడా తాగకుండా పరుగెత్తాల్సి వస్తుంది. కాబట్టి వాచీకి మొదటి పని చెవి దగ్గర గట్టిగా మోగే అలారం. రెండోది చీకట్లో ఒక బటన్ నొక్కితే టైము స్పష్టంగా కనపడే లైటు. మూడోది కౌంట్‌డౌన్ టైమరు. దీని సంగతి ఎవరూ చెప్పరు. చలిలో దాహం తెలియదు, కానీ ఆ ఎత్తులో గాలి పొడిగా ఉండి, ఎగపోస్తూ నడుస్తుంటే ఒంట్లో నీళ్ళు తగ్గిపోతుంటాయి. అరగంటకోసారి బీప్ మంటే రెండు గుక్కలు తాగడం గుర్తుంటుంది.

మీ వారు అన్నట్టు ఫోన్ చాలదా అంటే, టైము చూడ్డానికి చాలుతుంది. కాకపోతే ఒక్కో సారి టైము చూడాలంటే తొడుగు తీసి, జాకెట్ జిప్పు తీసి, ఫోన్ బయటికి లాగాలి. మంచులో అది నాలుగుసార్లు చేస్తే ఐదోసారి మానేస్తారు. పైగా అక్కడ ఫోన్ పని ఫొటోలు. చలికి లిథియం బ్యాటరీ త్వరగా పడిపోతుంది. దాన్ని లోపలి జేబులో వెచ్చగా ఉంచి ఫొటోలకు దాచుకోండి.

ఇక బాపు వాచీ. మీ ఉత్తరంలో అసలు ప్రశ్న ఇదేనని నాకనిపించింది.

జనతా మంచి వాచీ. జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో మొదలైన హెచ్‌ఎంటీ వాచీ ఫ్యాక్టరీ మనవాళ్ళకు అలవాటు చేసిన కీ వాచీల్లో బాగా నిలబడినది. ఇరుసులు అరగకుండా పెట్టే చిన్న రాళ్ళు (జువెల్స్) పదిహేడు, సెకనుకు ఐదు టిక్కులు. డయలు మీద పారా షాక్ అని రాసి ఉంటుంది చూడండి. లోపల బ్యాలెన్స్ చక్రం ఇరుసుకు దెబ్బ తగలకుండా చిన్న స్ప్రింగు ఏర్పాటు ఉందని దాని అర్థం. అయితే అది బల్ల మీది నుంచి కిందపడ్డ దెబ్బకు పనికొచ్చే ఏర్పాటు. సర్‌పాస్ దాటాక ఏం చేయిస్తారో మీకు తెలిసే ఉంటుంది. మంచు వాలు మీద కూర్చోబెట్టి జారుకుంటూ దిగమంటారు. ఎంతో సరదాగా ఉంటుంది, అందరూ పిల్లలైపోతారు. కానీ చేతులు రెండూ మంచును గీసుకుంటూ పోతాయి. మణికట్టు దగ్గర తొడుగులోకి మంచు దూరి కరుగుతుంది. జనతాకు నీళ్ళను ఆపే కట్టుదిట్టం లేదు. దాని అద్దం గాజు కూడా కాదు, అక్రిలిక్. తేమ ఒకసారి లోపలికి పోతే డయలు మీద మచ్చ పడుతుంది, ముళ్ళకు తుప్పు పడుతుంది. డయలు మచ్చ పడ్డాక తుడిస్తే బాపు చూసుకున్న అంకెలు కూడా పోతాయి.

ఇంకో మాట. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ 2016లో మూతపడింది. ఇప్పుడు ఒక చక్రం పోయినా ఇంకో పాత వాచీలోంచి తీసి వేయాల్సిందే. వరంగల్‌లో కీ వాచీ విప్పి కడిగి నూనె వేసి మళ్ళీ బిగించగల చేతులు ఇంకా ఉన్నాయి, కానీ తగ్గిపోతున్నాయి. మీ వాచీ బాగున్నప్పుడే ఒకసారి అలాంటి పెద్దాయన దగ్గర సర్వీసు చేయించండి. ట్రెక్‌కు పోయినా పోకపోయినా చేయించాల్సిందే. రోజూ నడిచే కీ వాచీలో నూనె ఎండిపోతే చక్రాలు ఒకదాన్నొకటి తినేస్తాయి.

మరి మీ ఆశ? దానికి నా దగ్గర ఒక ఏర్పాటుంది. కాజీపేటలో రైలెక్కేటప్పుడు బాపు వాచీ చేతికి పెట్టుకోండి. ఢిల్లీ దాకా, అక్కడి నుంచి బస్సులో భుంతర్ మీదుగా కసోల్ దాకా అదే ఉండనీయండి. రాత్రి రైల్లో మాత్రం తీసి బ్యాగులో పెట్టుకోండి. నడక మొదలయ్యే పొద్దున కీ ఇవ్వడం ఆపేసి, మెత్తటి నూలు గుడ్డలో చుట్టి, గాలి చొరబడని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి, బ్యాగులో బట్టల మధ్యన పెట్టేయండి. ఫోన్, పవర్‌బ్యాంకు, ఇయర్‌ఫోన్ల డబ్బా దాని పక్కన పెట్టొద్దు. వాటిలోని అయస్కాంతాలు కీ వాచీ లోపలి సన్నటి తీగచుట్టకు పడవు, చుట్టలు ఒకదానికొకటి అతుక్కుని వాచీ పరుగెత్తడం మొదలుపెడుతుంది. పాస్ మీద డబ్బా విప్పొద్దు. అక్కడ గాలికి తొడుగు తీసిన వేళ్ళు నిమిషంలో మొద్దుబారతాయి. వాచీ బెల్టు పెట్టబోయి జారవిడిస్తే మంచులో వెతకడం అయ్యే పని కాదు. గైడు కూడా అక్కడ ఎక్కువసేపు నిలబడనివ్వడు. దిగాక బిస్కేరి అనే పచ్చిక మైదానంలో క్యాంపు ఉంటుంది. ఎండ పడుతుంటుంది, వెనక మంచుకొండలు కనిపిస్తుంటాయి, మీకు తీరిక ఉంటుంది. అక్కడ కూర్చుని విప్పండి, కీ ఇవ్వండి, చేతికి పెట్టుకోండి. ఫొటో అక్కడ తీయించుకోండి. మీరు పాస్ దాటిన రోజే అది మళ్ళీ నడవడం మొదలుపెడుతుంది. ఇది చాలదంటారా? మీ బాపు అయినా వాచీని మంచులో ఈడ్చమని అనేవాడు కాదనుకుంటాను. మిల్లులో పనిచేసినవాళ్ళకు యంత్రం విలువ తెలుసు.

చైన్ వాచీ గురించి రెండే ముక్కలు. ఎత్తుకు పోయేకొద్దీ చాలామందికి వేళ్ళు, మణికట్టు కాస్త వాస్తాయి. చేతులు కిందికి వేలాడేసి గంటల తరబడి నడిచినా అంతే. చైన్ వాచీ బిగుసుకుపోతుంది, అక్కడ ఒక లింకు వదులు చేసేవాడు దొరకడు. స్టీలు చలికి మంచుముక్క అవుతుంది. ఇంట్లోనే ఉంచండి.

స్మార్ట్ వాచీ విషయంలో నా అభిప్రాయం మీ అబ్బాయికి నచ్చకపోవచ్చు. అది మీకు హిమాచల్‌లో కన్నా హన్మకొండలోనే ఎక్కువ ఉపయోగం. ట్రెక్‌కు రెండు నెలల ముందు నుంచీ నడక సాధన చేయాలి కదా. భద్రకాళి కట్ట మీద చదును నడక సరిపోదు, ఎక్కుడు కావాలి. పద్మాక్షి గుట్ట, మడికొండ మెట్టుగుట్ట, గోవిందరాజుల గుట్ట ఉన్నాయి. ఏప్రిల్, మే ఎండల్లో తెల్లవారకముందే పోయి ఏడు లోపల ఇల్లు చేరాలి. వారానికోసారి ఆరేడు కిలోల బరువు బ్యాగులో వేసుకుని ఎక్కి దిగండి. ఒక ఆదివారం రేగొండ దగ్గరి పాండవుల గుట్టలకు పోయి రాళ్ళ మీద నడవండి. ఆ పనిలో స్మార్ట్ వాచీ నాడి లెక్క చూపిస్తుంది. మొదటి వారం ఒక గుట్ట ఎక్కితే గుండె ఎంత కొట్టుకుందో, ఆరో వారం అదే గుట్టకు ఎంతో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. అంకె తగ్గుతుంటే సాధన పడుతున్నట్టు. నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నారా లేదా అన్నది ఇంకా సులువైన కొలత. టీచర్లకు అది కష్టం కాదు. మన గుట్టలు చిన్నవని తీసిపారేయకండి. 2014 మే 25న పదమూడేళ్ళకే ఎవరెస్ట్ ఎక్కిన నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ రాళ్ళెక్కడం నేర్చుకున్నది భువనగిరి గుట్ట మీదే.

అదే వాచీ కొండ మీద రెండో రోజుకు గుడ్డిదవుతుంది. జీపీఎస్ పెట్టి నడిస్తే మామూలు స్మార్ట్ వాచీల బ్యాటరీ గంటల లెక్కన పోతుంది. క్యాంపుల్లో ప్లగ్ పాయింట్లుండవు. పవర్‌బ్యాంకు బరువు మోయాలి, రాత్రి దాన్నీ స్లీపింగ్ బ్యాగులో పక్కన పడుకోబెట్టుకోవాలి. తొడుగు వేసుకున్న వేలికి, తడి వేలికి తెర స్పందించదు. నడక కర్ర పట్టీ తగిలి బటన్ దానంతటదే నొక్కుకుంటుంది. అవన్నీ భరిస్తానంటే తీసుకుపోండి, కానీ అలారానికి దాన్ని నమ్ముకోవద్దు.

స్మార్ట్ వాచీలో రక్తంలోని ఆక్సిజన్ శాతం చూసి భయపడేవాళ్ళను, ధైర్యం తెచ్చుకునేవాళ్ళను ఇద్దరినీ చూస్తుంటాను. ఇక్కడ 97, 98 చూపించేది నగారులో 85, 88 చూపించవచ్చు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులకన్నా తక్కువ, కాబట్టి ఆ తగ్గుదల అందరికీ ఉండేదే. పైగా చల్లబడిన మణికట్టు మీద ఆ చిన్న లైటు సరిగ్గా చదవలేదు. గైడ్ల దగ్గర వేలికి పెట్టే ఆక్సీమీటరు ఉంటుంది, అది నయం. అంకె ఎంతున్నా సరే, విడవని తలనొప్పి, వాంతులు, నడకలో తూలడం, పడుకున్నా ఆయాసం ఉంటే ఆ క్షణమే గైడుకు చెప్పాలి. అలాంటప్పుడు మందు ఒక్కటే, కిందికి దిగడం. నలుగురి ముందు చిన్నతనమని దాచుకోవడం మన టీచర్లలో కాస్త ఎక్కువే. మీరు మాత్రం దాచొద్దు.

అబ్బాయి చెప్పే ఖరీదైన వాచీలో నిజంగా పనికొచ్చే వస్తువు ఒకటుంది, అది జీపీఎస్ కాదు, గాలి ఒత్తిడి కొలిచే బారోమీటరు. పైకి పోయేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది, దాన్ని లెక్కగట్టి ఎత్తు చెప్తుంది. అందులో ఒక చిక్కు, ఒక లాభం. వాతావరణం మారినా ఒత్తిడి మారుతుంది కాబట్టి ఎత్తు తప్పు చూపిస్తుంది, తెలిసిన ఎత్తున్న చోట మళ్ళీ సరిచేయాలి. లాభం అదే చిక్కులో ఉంది. రాత్రి టెంటులో కదలకుండా పడుకున్నారు, పొద్దున లేచేసరికి వాచీ నలభై, యాభై మీటర్లు పైకెక్కినట్టు చూపిస్తే మీరు ఎక్కలేదు, గాలి ఒత్తిడి పడిపోయింది. వాన, మంచు రావచ్చని గుర్తు. సోషల్ టీచరుగా మీకు ఇది సరదాగా ఉంటుంది. కానీ దాన్ని చూసి బయలుదేరాలా వద్దా అని నిర్ణయించేది గైడు. ఆ కొండల్లో పుట్టినవాడికి మబ్బు చూస్తే చాలు. ఒంటరిగా, గైడు లేకుండా దారులు పట్టుకుని తిరిగే రోజు వస్తే అప్పుడు కొనిపించుకోండి.

దిక్కుల ప్రశ్న నాకు బాగా నచ్చింది. పుస్తకాల్లో ఉన్న పద్ధతి ఇది: చిన్న ముల్లును సూర్యుడి వైపు తిప్పి, దానికీ 12 అంకెకూ మధ్యనున్న కోణాన్ని సగం చేస్తే ఆ గీత దక్షిణాన్ని చూపిస్తుంది. ఉత్తరార్ధగోళానికి వర్తిస్తుంది. చిక్కేమిటంటే ఈ పద్ధతి చలిదేశాల వాళ్ళది, సూర్యుడు ఎప్పుడూ దక్షిణాన వాలి ఉండే చోట పుట్టింది. సూర్యుడు గంటకు పదిహేను డిగ్రీల చొప్పున సమంగా దిక్కు మారుతాడని అది అనుకుంటుంది. నడినెత్తికి దగ్గరగా వచ్చినప్పుడు అలా మారడు. పొద్దున చాలాసేపు తూర్పునే ఉండి, మధ్యాహ్నం కాసేపట్లో గిర్రున పడమటికి తిరిగేస్తాడు.

మన వరంగల్ 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో ఒకసారి, జూలై ఆఖరున మరోసారి సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీదుగా పోతాడు. మధ్యాహ్నం నిలువు కర్రకు నీడే ఉండదు. ఆ రెండు తేదీల మధ్య మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. అంటే ఆ రోజుల్లో ఈ లెక్క ఇక్కడ ఉల్టా అయిపోతుంది. మీరు పోయే చోటు 32 డిగ్రీల దగ్గర, కాస్త నయమే. అయినా మే మూడో వారంలో మధ్యాహ్నం మూడింటికి అక్కడ ఈ పద్ధతితో దక్షిణం చూస్తే 35 డిగ్రీల పైనే తప్పుతుంది. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం మీద నడుస్తుంది, కసోల్ దానికి పడమరన ఉంది కాబట్టి అక్కడ సూర్యుడు ఇరవై నిమిషాలు వెనక ఉంటాడు. అదీ లెక్కలో కలుస్తుంది. లోయలో 35 డిగ్రీలు తప్పితే పక్క లోయలో తేలతారు. అందుకని కొండ మీద దాని జోలికి పోవద్దు. పిల్లలకు చెప్పినదేమీ వృథా కాదు. డిసెంబర్‌లో హన్మకొండలో మీ బడి గ్రౌండులో అదే మూడింటికి చేసి చూపించండి, తేడా నాలుగైదు డిగ్రీలకు మించదు. మళ్ళీ బడి ముగిసే ముందు ఏప్రిల్‌లో చేయించి, ఎందుకు తప్పిందో వాళ్ళనే చెప్పమనండి.

సూర్యుడి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మే మధ్యలో మనకు ఆరున్నర దాటాక పొద్దు గూకుతుంది, అక్కడ ఏడు దాటుతుంది. వెలుతురు ఎక్కువసేపు ఉంటుందని సంబరపడకండి. లోయలో కొండ అడ్డం వచ్చి ఎండ ముందే పోతుంది. ఎండ పోయిన క్షణం నుంచి చలి మొదలు. కాబట్టి క్యాంపు చేరే టైమును సూర్యాస్తమయంతో ముడిపెట్టుకోకండి.

ఇప్పుడు కొనాల్సిన వాచీ. చవకలో అందరికీ తెలిసినది కాసియో ఎఫ్-91డబ్ల్యూ. 1989 నుంచి అమ్ముతున్నారు, ఇరవై గ్రాముల చుట్టూ బరువు, ఏళ్ళ తరబడి సెల్లు మార్చక్కర్లేదు. కానీ దాని లైటు మిణుగురు పురుగంత, టెంటులో అంకెలు సగమే కనిపిస్తాయి. నీళ్ళు కూడా చిలకరింత వరకే. దానికన్నా కాస్త ఎక్కువ పెట్టి అదే కంపెనీ ఏఈ-1200 లాంటిది తీసుకోండి. ఐదు అలారాలు, కౌంట్‌డౌన్ టైమరు, వంద మీటర్ల నీటి రక్షణ, పదేళ్ళ సెల్లు ఉంటాయి. ఏ కంపెనీదైనా ఫరవాలేదు, ఈ నాలుగూ ఉంటే సరి. బిల్లిచ్చే షాపులోనే కొనండి, నకిలీలు కుప్పలు. అబ్బాయి ఊరుకోక అదే కాసియో వాళ్ళ జీ-షాక్ అంటాడేమో. పది మీటర్ల ఎత్తు నుంచి పడినా, పది బార్ల (వంద మీటర్ల లోతంత) నీటి ఒత్తిడి పడినా తట్టుకుని, సెల్లు పదేళ్ళు రావాలన్న పట్టుదలతో తయారై 1983లో వచ్చిన వాచీ అది, గట్టితనంలో వంక లేదు. కానీ చాలా మోడళ్ళు లావు. సన్న మణికట్టు మీద తొడుగు అంచు దాని మీదికి ఎక్కదు, ఆ సందులోంచి మంచు దూరుతుంది.

వాచీ వెనక రాసిన మీటర్లను నమ్మి మోసపోకండి. ముప్పై మీటర్లు అంటే ముప్పై మీటర్ల లోతుకు దూకొచ్చని కాదు, ల్యాబులో కదలని నీటి ఒత్తిడితో పెట్టిన పరీక్ష. చేతులు కడుక్కుంటే, వాన చినుకులు పడితే తట్టుకుంటుందని అర్థం, అంతే. యాభైకి స్నానం, వందకు ఈత. అది కూడా నీళ్ళను ఆపే రబ్బరు వాషర్ కొత్తగా ఉన్నంత కాలం. ఇంకో ముఖ్యమైన సంగతి, కసోల్‌కు దగ్గరలోనే మణికర్ణ్ ఉంది. ట్రెక్ ముగిశాక అందరూ అక్కడి వేడినీటి కుండాల్లో దిగుతారు, ఒళ్ళునొప్పులు పోతాయి. వంద మీటర్ల వాచీ అయినా తీసి ఒడ్డున పెట్టే దిగండి. వేడికి వాషర్ వదులవుతుంది, ఆవిరి లోపలికి పోతుంది, బయటి చలికి అద్దం లోపల మంచు పట్టినట్టవుతుంది. బాపు వాచీనైతే ఆ ఆవిరి దరిదాపులకు కూడా తీసుకుపోవద్దు.

కొత్త వాచీ కొన్నాక పెట్టెలో దాచకండి. గుట్టలెక్కే ప్రతిసారీ అదే పెట్టుకోండి. బెల్టు ఎక్కడ ఒరుస్తుందో, చెమటకు దద్దురు వస్తుందో లేదో ఇక్కడే తెలియాలి. ఊలు తొడుగు వేసుకుని, కళ్ళు మూసుకుని లైటు బటన్ ఎక్కడుందో వేలితో వెతికి నొక్కడం అలవాటు చేసుకోండి. మే నెలలో ఊలు తొడుగేమిటని ఇంట్లో నవ్వుతారు, నవ్వనీయండి.

గాజుల సంగతి. మట్టిగాజులు వద్దు. మంచులో జారేటప్పుడు, రాళ్ళు పట్టుకున్నప్పుడు పగిలితే చర్మంలోకి దిగుతాయి, తొడుగులో పగిలితే మరీ కష్టం. బంగారు గాజులు ఇంట్లో పెట్టి రండి. బోసి చేతులని మనసు ఒప్పుకోకపోతే ఒక సన్నటి ప్లాస్టిక్ గాజో, ఎర్ర దారమో కుడిచేతికి ఉంచుకోండి, ఎడమచేయి వాచీకి వదిలేయండి. వాచీ లోపలి స్వెట్టర్ చేతి మీద పెట్టుకుని, పైన జాకెట్ చేయి కప్పుకునేట్టు చూసుకోండి. ఒంటి వెచ్చదనం తగిలితే సెల్లుకు మంచిది, డిజిటల్ అంకెలు కూడా చలికి మందగించవు. బెల్టు పొడవు చాలకపోతే నైలాన్ బెల్టు వేయించుకోండి. వాచీ వెనక నుంచి దూరిపోయే రకం ఉంటుంది, ఒక పక్క పిన్ను ఊడినా వాచీ రెండో పిన్నుకు వేలాడుతుంది, కింద పడదు.

బయలుదేరే రోజు ఫోన్ చూసి సెకన్లతో సహా టైము కలపండి. నగారు రాత్రికి రెండు అలారాలు పెట్టుకోండి, పది నిమిషాల తేడాతో. గంటగంటకూ మోగే బీప్‌ను మాత్రం మొదటి రాత్రికే ఆపేయడం మరవకండి. టెంటులో మీ పక్కన పడుకునేది మీ తోటి టీచర్లే, సెలవుల తర్వాత వాళ్ళతోనే స్టాఫ్‌రూములో కూర్చోవాలి.